ట్రియెస్తె నగరమున రెండు దినములు

(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



గడచిన వేసవి సెలవులలో మేమును, మా చిన్ననాటి మిత్రులు ముగ్గురును ఇటలీ దేశమునకు పోయి వచ్చితిమి. ఆ యాత్రలో ఒక శని, ఆదివారములు ట్రియెస్తె అను నగరమున గడపితిమి. ఆ విశేషములు నేటి సభలో చెప్పవలసినదని మన సంఘ కార్యదర్శిగారు కోరినారు. రోము, వెనిస్ నగరములను గూర్చి మీరు పుస్తకములలో చదివియే యుందురు. ట్రియెస్తె పేరు మనలో పెక్కుమంది వినియుండరు. అయినను, పరభాషా ప్రాంతమున నివసించుచు మాతృభాషా పాఠశాలకు బిడ్డలను పంపు మనకు ఆ రెండు నగరములకన్న ఈ నగరమే ఎక్కువ చెప్పగలదని మాకు తోచినది.

వెనిస్ నుండి ఈ నగరమునకు రైలులో సుమారు రెండు గంటల ప్రయాణము. ఇది ఇటలీకి ఈశాన్యపు మూలన, ఆడ్రియాటిక్ సముద్రపుటొడ్డున ఉన్నది. స్లోవేనియా దేశపు సరిహద్దు ఇచ్చటికి కొద్ది మైళ్ల దూరమే. 1382 మొదలు 1918 వరకు స్వల్ప విరామములతో ఈ నగరము ఆస్ట్రియా ప్రభువుల యేలుబడిలో నుండెను. 1719లో ఆరవ చార్లెస్ చక్రవర్తి దీనిని సుంకములు లేని స్వేచ్ఛా రేవుగా ప్రకటించెను. అంతట గ్రీకులు, సెర్బులు, యూదులు, జర్మనులు వర్తకమునకై వచ్చి ఇచ్చట స్థిరపడిరి. ఇటాలియను మాటాడువారు నగరమునను, స్లోవేను భాష మాటాడువారు నగరమునను చుట్టుప్రక్కల పల్లెలలోను అంతకు పూర్వమే యుండిరి.

నగరము మిక్కిలి సొగసైనది. నడుమనున్న పెద్ద చౌకమునకు మూడు వైపుల రాజభవనములవంటి మేడలు, నాల్గవ వైపున సముద్రము. సాయంకాలమగుసరికి ఆబాలవృద్ధము చక్కని దుస్తులు ధరించి అచ్చట విహరింతురు. ఎనుబదియేండ్ల వృద్ధులు సైతము మెరుగుపెట్టిన బూట్లతో, మడత చెదరని కోట్లతో వచ్చుట చూచి మేము మా ప్రయాణపు బట్టలను కొంచెము సవరించుకొంటిమి. బట్టల వ్యాపారియగు మా మిత్రుడొకడు ప్రతి అంగడి అద్దము ముందును నిలిచి కుట్టుపని పరీక్షించుచుండుటచే పావుగంట నడకకు గంటన్నర పట్టినది.

ఈ ఊరివారికి కాఫీయందు గల మక్కువ మన దక్షిణాదివారి మక్కువకు తీసిపోదు. ఇది కాఫీగింజల దిగుమతికి పేరుపొందిన రేవు. మన దేశపు కాఫీగింజలను అధికముగా కొను దేశము కూడ ఇటలీయే. పాలులేని కాఫీ కావలసిన ఇచ్చట ‘నేరో’ యని, అనగా ‘నలుపు’ అని అడుగవలెను. అడిగితిమి. ఉద్ధరిణెతో తీర్థము పోసినట్లు చిన్న గిన్నె అడుగున ఇంత పోసి తెచ్చిరి. కాని ఆ కొంచెపు కాఫీతోనే మనుష్యులు గంటలకొలది కూర్చుండి పత్రికలు చదువుచుందురు. మేము కూర్చున్నది 1914లో స్థాపింపబడిన సాన్ మార్కో కాఫీశాల. ఐర్లండు రచయిత జేమ్స్ జాయిస్ ఈ నగరమున ఇంగ్లీషు పాఠములు చెప్పి జీవించినాడు. ఇటాలియను నవలాకారుడు ఇటాలో స్వేవో ఆయన శిష్యులలో ఒకడు. మన దేశపు శాస్త్రజ్ఞులకును ఈ ఊరు పరిచితమే. 1964లో అబ్దుస్ సలామ్ స్థాపించిన అంతర్జాతీయ భౌతికశాస్త్ర కేంద్రము ఇచ్చటి మిరమారె కోట సమీపముననే యున్నది.

సముద్రమునుండి ఊరిలోనికి వచ్చు కాలువ ప్రక్కన సెర్బుల చర్చి, రేవునకు ఎదురుగా గ్రీకుల చర్చి, లోపలి వీధిలో 1912లో కట్టిన యూదుల మహామందిరము చూచితిమి. ఇన్ని జాతులవారు కలసి కట్టిన నగరము గదా, ఇచ్చట భాషా కలహములకు తావెక్కడిదని మేమనుకొంటిమి. ఆదివారమునాటి ఉదయమున ఒక భవనము ఎదుట నిలిచినపుడు గాని నిజము తెలియలేదు.

ఆ భవనము పేరు ‘నరోద్ని డోమ్’. స్లోవేను భాషలో జాతీయ సదనమని అర్థము. మాక్స్ ఫాబియాని అను వాస్తుశిల్పి ప్రణాళికపై 1901-1904 సంవత్సరముల మధ్య దీనిని నిర్మించిరి. నాటకశాల, పొదుపు బ్యాంకు, కాఫీశాల, హోటలు అన్నియు ఇందుండెను. 1910 జనాభా లెక్కలలో నగర పరిధిలోని జనులలో సుమారు నాల్గవ వంతు స్లోవేనులు. మొదటి ప్రపంచ యుద్ధానంతరము నగరము ఇటలీకి చెందెను. 1920 జులై 13వ తేదీన ఫాసిస్టులు ఈ భవనమునకు నిప్పుపెట్టిరి.

తరువాత బడుల వంతు వచ్చినది. 1923 నాటి విద్యాచట్టము స్లోవేను బోధనను ఒక్కసారిగా తీసివేయలేదు. మొదటి సంవత్సరము మొదటి తరగతిలో తీసివేసిరి. మరుసటి సంవత్సరము రెండవ తరగతిలో తీసివేసిరి. ఈ విధముగా ఏటికొక తరగతి చొప్పున ముగించి, 1928 నాటికి స్లోవేను బడి లేకుండ చేసిరి. ఇంటిపేర్లను సైతము ఇటాలియను రూపములోనికి మార్చిరి. పిల్లలకు తమ అక్షరములు నేర్పదలచినవారు ఇండ్లలో రహస్యముగా నేర్పవలసి వచ్చినది.

భవనము తగులబడుట కన్నులార చూచినవారిలో ఏడేండ్లయిన నిండని బాలుడొకడు కలడు. అతడే పిమ్మట ప్రసిద్ధ రచయితయైన బోరిస్ పహోర్. అతని బడియు మూతపడెను. రెండవ యుద్ధకాలమున నాజీల నిర్బంధ శిబిరములలో బాధలనుభవించెను. తన గ్రంథములను స్లోవేను భాషలోనే వ్రాసెను. జీవనోపాధికై ఏమి చేసెనో వినుడు. ట్రియెస్తెలోని స్లోవేను ఉన్నత పాఠశాలలో పిల్లలకు ఇటాలియను సాహిత్యము బోధించెను! తన భాషను అణచినవారి భాషను అతడు ద్వేషింపలేదు. దానిని తన బిడ్డలవంటి విద్యార్థులకు చక్కగా నేర్పినాడు. 108 ఏండ్లు జీవించి 2022లో గతించెను.

మూతపడిన బడులు 1945లో మరల తెరువబడెను. 1961లో ఇటలీ ప్రభుత్వము వానికై చట్టము చేసినది. 2001లో స్లోవేను అల్పసంఖ్యాకుల రక్షణకు మరియొక చట్టము వచ్చినది. భవనము తగులబడి సరిగా నూరేండ్లు నిండిన 2020 జులై 13న, ఇటలీ, స్లోవేనియా రాష్ట్రపతుల సమక్షమున దానిని స్లోవేనులకు తిరిగి యిచ్చుటకు ఒడంబడిక జరిగినది. నాటికి 106 ఏండ్ల పహోర్‌ను ఇరువురు రాష్ట్రపతులును గౌరవించిరి.

నాటి మధ్యాహ్నము కొండమీది పల్లెలకు పోతిమి. అచ్చట ఊరి పేరు రెండు భాషలలో వ్రాసియుండును. బస్సుకై వేచియుండగా ఇంగ్లీషు తెలిసిన ఒక గృహస్థుతో మాటలు కలిసినవి. ఆయన ఇంట ఇటాలియను మాటాడుదురు. అయినను కుమార్తెను స్లోవేను బడికి పంపుచున్నాడు. అట్టి కుటుంబములు ఇపుడు అనేకములట. పిల్ల ఇటాలియనులో వెనుకబడదా యని అడిగితిమి. ఇటాలియను బడిలో ఒక పాఠముగా ఎటులును నేర్పుదురనియు, మిగిలినది వీథియే నేర్పుననియు, స్లోవేను మాత్రము బడి నేర్పకున్న మరి యెవరును నేర్పరనియు ఆయన చెప్పెను.

తల్లిదండ్రులారా! ప్రతి జూను మాసమునను మీలో కొందరు మా గదికి వచ్చి, తెలుగు బడిలో చదివిన బిడ్డ ఈ తమిళదేశమున ఎట్లు బ్రతుకునని అడుగుచుందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకు ట్రియెస్తెలోని గృహస్థు మాటయే మా సమాధానము. తమిళము మన పొరుగువారి భాష, మన అంగడి భాష. దానిని తప్పులేకుండ చదువను, వ్రాయను నేర్పు బాధ్యత ఈ పాఠశాలది. తెలుగు నేర్పుటకు మాత్రము ఈ ఊరిలో ఈ బడి తప్ప వేరు దిక్కు లేదు.

మన రాజ్యాంగపు 30వ అధికరణము భాషా అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడపుకొను హక్కు నిచ్చినది. 1956లో చేర్చిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. మనకు ఇబ్బందులు లేవని మేమనుట లేదు. పుస్తకములు ఆలస్యముగా వచ్చును. ఉపాధ్యాయుల ఖాళీలు త్వరగా నిండవు. కాని మన భవనమునకు ఎవరును నిప్పుపెట్టలేదు. మన బడిని ఏ చట్టమును మూయలేదు. అచ్చట ఏటికొక తరగతి చొప్పున ప్రభుత్వము చేసిన పనిని, ఇచ్చట మొదటి తరగతిలో బిడ్డలను చేర్పింపక మనకు మనమే చేసికొనరాదు. ఒక ఏడు మొదటి తరగతి నిండకున్న, మరుసటి ఏడు రెండవ తరగతి నిండదు. ఆ లెక్క మీకు విప్పి చెప్పనక్కరలేదు.

కావున మా మనవి రెండే మాటలు. వచ్చు జూనులో మీ బిడ్డను, మీ బంధువుల బిడ్డను మొదటి తరగతిలో చేర్పింపుడు. ప్రతి రాత్రి భోజనానంతరము పావుగంటసేపు బిడ్డచేత ఒక తెలుగు పుట బిగ్గరగా చదివించి వినుడు. చదువురాని తల్లి యైనను వినవచ్చును. తక్కిన పని ఉపాధ్యాయులము మేము చేయుదుము.