చేపలు కోయు కత్తులు: ఎంపిక, పోషణ



మృగశిరకార్తె ప్రవేశించునాడు, అనగా జూన్ మాసము 7, 8 తేదీల ప్రాంతమున, మన తెలంగాణమున చేపకూర వండని యిల్లు అరుదు. ఆనాడు చేపకై చెరువుగట్టునకు పరుగిడువారు పెక్కురు. దానిని కోయు కత్తి యెట్లున్నదో ముందుగా చూచుకొనువారు కొలదిమంది. ఇది బడిపంతులు మాటలాడదగిన విషయమా యని కొందరు నవ్వవచ్చును. అమరసింహుడు చిన్నకత్తికి అసిపుత్రి యను పేరు చెప్పినాడు, ఖడ్గమునకు కూతురన్నమాట. తండ్రిని గూర్చి యెన్నో కావ్యములు పుట్టినవి. కూతురిని గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనిన తప్పు లేదు.

భూపాలపల్లి ప్రాంతమున చేపకు కొదువ లేదు. గణపురమున కాకతీయుల నాటి గణపసముద్రమున్నది; కాళేశ్వరము కడ ప్రాణహిత గోదావరిలో కలియుచున్నది. 2016లో రాష్ట్ర ప్రభుత్వము చెరువులలో ఉచితముగా చేపపిల్లలను విడుచు పథకము నారంభించినప్పుడు బొచ్చె, రవ్వు మొదలగు జాతులను విడిచిరి. వీనికంటె మనవారికి ప్రీతియైనది కొర్రమట్ట. అదియే తెలంగాణ రాష్ట్రపు చేప. కత్తి నెంచుకొనుటకు ముందు ఈ జాతిభేదము నెరుగవలయును. బొచ్చె, రవ్వులకు వెన్నెముక, పక్కటెముకలు గాక, కండ నడుమ పంగలకర్రవలె చీలిన సన్నని ముండ్లుండును. ఎంత నేర్పరియైనను కత్తితో వానినన్నిటిని తీసివేయుట మిక్కిలి కష్టము. కావుననే మన పెద్దలు వానిని అడ్డముగా ముక్కలు కోసిరి. కొర్రమట్ట కండలో అట్టి ముండ్లు లేవు. వెన్నెముక వెంట కత్తిని నడిపించినచో ఒక ప్రక్క కండ యంతయు ఒకే పట్టీగా విడివడి వచ్చును. హైదరాబాదు ఫలహారశాలలలో అపోలో ఫిష్ అని వడ్డించునది ఇట్లు ముల్లు తీసిన కండయే. ఇది నాగరికుల వేడుక మాత్రమే యనుకొనరాదు. పండ్లూడిన ముదుసలికిని, ముల్లు నుమియుట యెరుగని పసివానికిని గొంతులో ముల్లు గ్రుచ్చుకొనిన బాధ యెట్టిదో మీ గ్రామములలో చూచియే యుందురు.

కావున ఇంటికి రెండు పనిముట్లు చాలును. మొదటిది మన కత్తిపీట. తల చీల్చుటకు, బొచ్చెను ముక్కలు చేయుటకు దానిని మించినది లేదు. రెండు చేతులును చేపను పట్టుకొనుటకు ఖాళీగా నుండును. రెండవది కండ నొలుచు సన్నకత్తి. ఒకటి రెండు కిలోల కొర్రమట్టకు ఆరేడంగుళముల అలుగు సరిపోవును. అది వెడల్పు తక్కువగా, కొన వాడిగా, వ్రేలితో నొక్కిన కొంచెము వంగి మరల నిక్కునట్లుండవలెను. వంగని కత్తి వెన్నెముక వంపు ననుసరింపలేక కండను ఎముకపైననే విడిచివేయును. వంగి వంగినట్లే యుండిపోవునది పనికిరాదు. సన్నకత్తితో ఎముకను నరుకుట, కొబ్బరి చెక్క తీయుట కూడదు, వాదర పెచ్చులూడును.

పిడిని గూర్చి ఒక్కమాట. చేపజిగట తగిలిన చేయి జారును. నున్నగా మెరయు పిడికంటె కొంచెము గరుకైన పిడియే మేలు. అలుగునకు పిడికి నడుమ సందున్నచో అందు నెత్తురు నిలిచి కుళ్లును, అట్టిదానిని కొనకుడు.

ఇక లోహము. 1913లో షెఫీల్డు నగరమున హారీ బ్రియర్లీ క్రోమియము కలిపి తుప్పుపట్టని యుక్కును చేసెను. అంగడిలో తళతళలాడునవి ఆ జాతివే. దినమంతయు నీటిలో చేయి తడియు బేరగత్తెలకు అవియే సుకరము. ఐనను కమ్మరి కొలిమిలో చేసిన కత్తి పదునెక్కుటలో చవుక స్టీలును మించును. లారీల క్రింది కమాను పట్టీలో నూటికి అరపాలు, కొంచెము హెచ్చుగా కూడ, కర్బనముండును. మెత్తని యినుములో పాతికపాలైన నుండదు. అది యెంత కాల్చి ముంచినను గట్టిపడదు. సానపై నొరసినప్పుడు నిప్పురవ్వలు పువ్వులవలె చిట్లినచో మంచి యుక్కు. తీగలవలె సాగిపోయినచో మెత్తని యినుము. మన దేశపు టుక్కు చిన్నది కాదు. నిజామాబాదు సీమలోని కోనసముద్రమునకు పారసీక వర్తకులు వచ్చి ఉక్కుముద్దలు కొనిపోయెడివారు. ఫారడే పండితుడు 1819లో ఆ జాతి యుక్కును పరీక్షించెను. నేడు కొలిమి ఆరిన యూళ్లే యెక్కువ. వెలుగుచున్న కొలిమి మీ ఊరనున్నచో అచ్చటనే చేయించుకొనుడు.

చేయించునప్పుడు దగ్గర కూర్చుండి చూడుడు. ఎఱ్ఱగా కాలిన అలుగునకు అయస్కాంతము అంటుట మానినప్పుడు ముంచుటకు వేడి సమీపించినదని గుర్తు. ముంచి తీసిన కత్తి గాజువలె పెళుసై యుండును. దానిని మరల మెల్లగా వెచ్చచేయగా మొదట గడ్డిరంగు, పిదప గోధుమవన్నె, ఊదా, తుదకు నీలము తోచును. వాదరపై గడ్డిరంగు, వీపుపై నీలము వచ్చినచో అంచు గట్టిగను, నడుము సాగునట్లును ఉండును.

నూరుటయే అన్నిటికంటె ముఖ్యము. మొద్దుకత్తి యెక్కువ బలము నడుగును. బలము పెట్టిన చేయి జారును. జారినది తన వ్రేలినే తెగగోయును. ముతకరాతిపై మొదట, నున్నని రాతిపై పిదప, నీరు చల్లుచు నూరవలెను. సన్నకత్తి వీపును రాతినుండి అలుగు వెడల్పులో నాల్గవవంతు ఎత్తి పట్టుడు; కత్తిపీటకైన మూడవవంతు. ఒక ప్రక్క నూరగా రెండవ ప్రక్క అంచున సన్నని మడత వ్రేలికి గరుకుగా తగులును. అది కొననుండి మొదలువరకు వచ్చినప్పుడే కత్తిని త్రిప్పవలెను. సుశ్రుతుడు శస్త్రములు నూరుటకు మినుములవంటి నల్లని నున్నని రాతిని, వాదర నిలుపుటకు బూరుగుపలకను విధించెను. వెండ్రుకను తెగగోసినచో పదునైనదని గురుతు చెప్పెను. కడపట బూరుగుపలకపై గాని తోలుపై గాని వెనుకకు నాలుగైదుమార్లు లాగిన ఆ మడత రాలిపోవును. వీధిలో సానచక్రము త్రిప్పువానికి ఇచ్చినప్పుడు మాత్రము కన్నువేసి యుండుడు. వాదర నీలమెక్కినచో కొలిమిలో పెట్టిన పదను అంతటితో పోయినట్లే. మాటిమాటికి నీట ముంచుమని చెప్పవలెను.

పని ముగియగానే కడిగి తుడిచి యారబెట్టుడు. ఉప్పు, చింతపండు, నిమ్మరసము ఉక్కును తినివేయును. నెలల తరబడి దాచునప్పుడు ఆముదము పూసిన చాలును. కత్తిపీటను మడిచి గాని, అలుగును గోడవైపు త్రిప్పి గాని పెట్టుడు; ప్రాకులాడు పిల్లలున్న యింట దానిని నేలపై నుంచనే కూడదు.

కొర్రమట్ట గాలి పీల్చి బ్రదుకునది; గంటలకొలది గట్టుమీద ప్రాణముతో నుండును. తలపై కఱ్ఱతో నొక్కదెబ్బ కొట్టి, ప్రాణము పోయిన పిదపనే కోయుడు. చేపకు బాధ తగ్గును, మన వ్రేళ్లకు నపాయము తప్పును. వ్రేలు తెగినచో సబ్బుతో బాగుగా కడిగి, ధనుర్వాతపు టీకా విషయము ఆసుపత్రిలో అడుగుడు. ఆ వ్యాధి తుప్పువలన పుట్టదు. మట్టిలోని సూక్ష్మజీవులవలన కలుగును. కావున మెరయుచున్న కత్తి తెగిననేమియని ఉపేక్షింపరాదు.

కడుపు చీల్చునప్పుడు కత్తికొనను లోతుగా దింపక, వాదరను పైకి త్రిప్పి, చర్మమును మాత్రమే తెరువుడు. కాలేయము ప్రక్కన పచ్చని చేదుతిత్తి యుండును. అది పగిలిన కండ యంతయు చేదగును. దానిని ఔషధమని పచ్చిగా మ్రింగువారు కొన్నియెడల కలరు. రవ్వు మొదలగు చేపల చేదుతిత్తిని మ్రింగి మూత్రపిండములు చెడి ఆసుపత్రులపాలైనవారిని వైద్యులు మన దేశముననే చూచి వ్రాసియున్నారు. వండినను ఆ విషము పోదు. కోసిన వెంటనే దానిని పిల్లలకును పిల్లులకును అందకుండ గోతిలో పూడ్చివేయుడు.