కాలింగ్ బెల్లు, కుక్క, పక్కింటివాళ్ల నిద్ర

(జోల్వాలో జరిగిన సిబ్బంది కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)

బ్యాంకు అధికారి మైకు పట్టుకుంటే మొండి బకాయిల గురించో, సైబర్ మోసాల గురించో మాట్లాడతాడని మీకు భయం ఉండవచ్చు. ఈ రోజు ఆ రెండూ లేవు. కాలింగ్ బెల్లు మోగగానే మొరిగే కుక్క గురించి మాట్లాడతాను.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ జోల్వాలో చిన్నది కాదు. కడోదరా, పల్సాణా వైపు మిల్లులు, మరమగ్గాల షెడ్లు పగలూ రాత్రీ నడుస్తాయి. మగ్గాల మీద 12 గంటల షిఫ్టు మామూలే. తెలంగాణ నుంచి సూరత్ జిల్లాకు వచ్చి స్థిరపడిన మన పద్మశాలి కుటుంబాలవాళ్లతో సహా ఎంతోమంది రాత్రంతా నిలబడి పనిచేసి, మనం బ్రాంచికి బయలుదేరే వేళకు పడుకుంటారు. పనిమనిషి, కొరియర్, గ్యాస్ బండ వచ్చేది సరిగ్గా అప్పుడే. ఒక్కో బెల్లుకు మన కుక్క రెండు నిమిషాలు మొరిగితే గోడ అవతల ఒక మనిషి నిద్ర ముక్కలవుతుంది. ఆ కళ్లతోనే అతను రాత్రికి మళ్లీ తిరిగే యంత్రం ముందు నిలబడాలి.

ఇటు మనవి బదిలీల బతుకులు. కొత్త ఊళ్లో ఇల్లు దొరకడమే కష్టం, కుక్క ఉందంటే మరీ కష్టం. ఫిర్యాదులు ముదిరితే యజమాని "కుక్కో ఇల్లో తేల్చుకోండి" అంటాడు. ఏళ్ల తరబడి పెంచిన కుక్కను ఎవరికో అప్పగించి, పిల్లల ఏడుపు చూడలేక నలిగిపోయిన కుటుంబాలు మనలోనే ఉన్నాయి. చట్టం మన వైపే ఉంది కదా అంటారు కొందరు. భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల ప్రకారం ఏ సొసైటీ అయినా పెంపుడు కుక్కలను నిషేధించడానికి వీల్లేదన్నది నిజమే. అయితే మొరుగుడుతో ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకుండా, ముఖ్యంగా రాత్రిపూట, చూసుకోమని అవే మార్గదర్శకాలు పెంచేవారికీ చెబుతున్నాయి. ఆ భాగాన్ని మాత్రం మనం వాట్సాప్‌లో పంపించం.

సరే, కుక్క ఎందుకు మొరుగుతుంది? కొరియర్ అబ్బాయి బెల్లు కొడతాడు, ప్యాకెట్ ఇస్తాడు, వెళ్లిపోతాడు. కుక్క లెక్క వేరు. "నేను మొరిగాను, వాడు పారిపోయాడు." రోజుకు నాలుగైదుసార్లు గెలిచే ఆటను ఎవరు మానుకుంటారు? పైగా మనం "ఏయ్, నోర్ముయ్!" అని అరుస్తాం. ఇంటివాళ్లు కూడా తనతో కలిసి మొరుగుతున్నారని అది సంతోషిస్తుంది.

పావ్‌లోవ్ పేరు బడి పుస్తకాల్లో చదివే ఉంటారు. జీర్ణక్రియ మీద పరిశోధనకు 1904లో నోబెల్ అందుకున్న రష్యా శాస్త్రవేత్త. ఒక శబ్దం వెనుకే తిండి వస్తుంటే, కొన్నాళ్లకు ఆ శబ్దానికే కుక్క నోట్లో నీరూరుతుందని చూపించాడు. మన ఇంటి బెల్లుకు కుక్క ఇప్పటికే "ఎవరో వచ్చారు, తరుము" అన్న అర్థం నేర్చుకుంది. మనం చేయాల్సింది ఆ అర్థాన్ని మార్చడం.

ముందుగా మీ బెల్లు శబ్దాన్ని ఫోనులో రికార్డు చేయండి. కుక్క చెవి రిక్కించినా మొరగనంత చిన్నగా వినిపించి, వెంటనే, అంటే ఒకటి రెండు సెకన్లలో, సెనగగింజంత తిండి పెట్టండి. ఉడికించిన కోడి ముక్క శ్రేష్ఠం. శాకాహార సొసైటీ అయితే పనీర్ చాలు. చాక్లెట్, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ కుక్కకు విషం. అతిథులు ప్రేమగా పెట్టే ఫాఫ్డా కూడా వద్దు, ఉప్పు ఎక్కువ. పూటకు పదిసార్లు చేస్తే చాలు. శబ్దం వినగానే తలుపు వైపు కాకుండా మీ వైపు చూసిందంటే పాఠం ఎక్కుతున్నట్టే. అప్పుడు శబ్దం కాస్త పెంచండి. మొరిగితే మీరు తొందరపడ్డారన్నమాట, ఒక మెట్టు దిగండి.

తర్వాత తలుపుకు దూరంగా ఒక చాప వేయండి. దానిమీద కూర్చుంటేనే తిండి అని విడిగా నేర్పి, ఆ తర్వాత బెల్లుతో కలపండి. చివరికి ఇంట్లో ఒకరు బయటికి వెళ్లి నిజం బెల్లు కొట్టాలి. పిల్లలకు ఈ ఉద్యోగం మహా ఇష్టం. ఈ సాధన మాత్రం సాయంత్రం, పక్కింటాయన షిఫ్టుకు వెళ్లాకే పెట్టుకోండి. అయినా బెల్లు ఎప్పుడు కొట్టవచ్చో ఆయననే ఒక మాట అడగండి. ఫిర్యాదు రాయబోయే మనిషి సగం మెత్తబడతాడు.

పాఠం పూర్తికావడానికి వారాలు పడుతుంది. అంతవరకు పగలు బెల్లు స్విచ్ తీసేసి, తలుపు మీద గుజరాతీలో "ఫోన్ చేయండి" అని కాగితం అంటించండి. మధ్యలో ఒక్కసారి మొరుగుడు గెలిచినా పాత అలవాటు గట్టిపడుతుంది. ఒక ఖాతాదారుకు ఒక్కసారి నిబంధన సడలించి చూడండి, మర్నాటి నుంచి రోజూ అడుగుతాడు. ఇంట్లో అందరిదీ ఒకే పద్ధతి కావాలి. తాతగారు జాలిపడి మొరిగే కుక్కకు బిస్కెట్ పెడితే మన కష్టమంతా రైటాఫ్.

కరెంటు షాకిచ్చే పట్టీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కొనకండి. బెల్లు మోగితే నొప్పి అని నేర్చుకున్న కుక్క వచ్చినవాళ్లను కరిచే ప్రమాదం ఉంది. తోక ముడిచి, వెనక్కి వెళ్తూ మొరిగే కుక్కది భయం. ముసలి కుక్క ఉన్నట్టుండి మొరగడం మొదలుపెడితే అది జబ్బు కావచ్చు. ఈ రెంటికీ పశువైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

ఇందాక టీ దగ్గర ఒకరు, మా కుక్క బెల్లుదాకా ఆగదు, లిఫ్టు చప్పుడుకే మొదలుపెడుతుంది అన్నారు. పద్ధతి ఇదేనమ్మా. మీరు రికార్డు చేయాల్సింది లిఫ్టు చప్పుడు.