ఊరుమ్మడి బీడులో గోల్ఫు
(నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం)



మా అబ్బాయి ఉద్యోగరీత్యా స్కాట్లండులో ఉన్నాడు. వాడి దగ్గర మూడు నెలలుండి వచ్చాను. అక్కడి విశేషాలు చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. కోటలూ సరస్సులూ ఫోటోల్లో మీరు చూసినవే. సెయింట్ ఆండ్రూస్ అనే చిన్న ఊరి గోల్ఫు మైదానం గురించి చెబుతాను. నవ్వకండి. రెవెన్యూ గుమాస్తాగా బతికినవాణ్ణి, ఎక్కడికెళ్ళినా ఈ భూమి ఎవరిదని ముందు అడుగుతాను.

అది సముద్రపొడ్డు ఇసుకనేల. సేద్యానికి పనికిరాదు. మన లెక్కలో పోరంబోకు. 1552లో అక్కడి ఆర్చిబిషప్పు ఆ నేలలో కుందేళ్ళు పెంచుకోడానికి ఊరి అనుమతి పొందుతూ, గోల్ఫు ఆడుకోడానికీ పశువుల్ని మేపుకోడానికీ జనానికి హక్కుందని రాసిచ్చాడు. 1797లో మునిసిపాలిటీ అప్పులపాలై దాన్ని అమ్మేసింది. నేల కుందేళ్ళ వ్యాపారుల చేతికి పోయింది. ఎక్కడ చూసినా బొరియలే. ఊరివాళ్ళు కోర్టుకెక్కారు, తగాదా ఏళ్ళ తరబడి నడిచింది. 1821లో చీప్ అనే పొరుగు భూస్వామి, తానూ గోల్ఫు ఆడేవాడే, ఆ నేల కొనడంతో ఆట బతికింది. 1894లో పార్లమెంటు చట్టంతో ఊరే తిరిగి కొనుక్కుంది. 1974 నుంచి ట్రస్టు చూస్తోంది.

18 గుంతల లెక్క కూడా 1764లో అక్కడ ఏర్పడిందే. అంతకుముందు 22 ఉండేవి.

ఇంత పేరున్న పాత మైదానానికి అడ్డంగా ఊరి దారి పోతుంది. ఆదివారం మామూలుగా ఆట ఉండదు, జనం షికారుకొస్తారు. మా ఆవిడ చెప్పులు చేత పట్టుకుని ఆ గడ్డిమీద నడిచింది. ఎవరూ కాదనలేదు.

నాకు మాత్రం మన ఊరి మేతబీడు గుర్తొచ్చింది. తాలూకాలున్న రోజుల్లో ఆ ఫైలు నా బల్లమీదికే వచ్చింది. సాయంత్రమైతే అక్కడ పశువులు, బిళ్ళంగోడు ఆడే పిల్లలు. అయినా పైవారు చెప్పినట్టు "ప్రజలెవరూ వాడుకోవడం లేదు" అని నోటు పెట్టాను. చేతిరాత నాదే. ఏడాది తిరిగేసరికి అది ప్లాట్లయింది.

ఆ బీడులో ఆడుకున్నవారు ఈ సభలోనూ ఇద్దరు ముగ్గురున్నారు. ఈ సంగతి వారికి ఇన్నాళ్ళూ చెప్పలేదు.

సెలవు.