ఆఖరి వారపు లెక్క

విశాఖపట్టణము నుండి అరకు పోయే రైలుమార్గములో, శివలింగాపురం దాటిన తరువాత, కొండల నడుమ టైడా అనే చిన్న స్టేషను వస్తుంది. రైలులో పోయేవారు సొరంగాల లెక్క పెట్టుకోవడములో పడి ఆ పేరు చూడకనే దాటిపోతారు. అక్కడి నుండి ఒక శ్రోత మాకు లేఖ వ్రాసినారు. ఆయన క్రికెట్టు అభిమాని. 2023 జనవరి 27వ తేదీని, రంజీ ట్రోఫీ లీగు పోటీలు ముగిసిన నాడు, సెల్‌ఫోను పలికే చోటు వెదకుతూ తాను స్టేషను దాకా నడిచినాననీ, ఆంధ్రజట్టు ఆటను గూర్చి గాక, ఎక్కడో బొంబాయిలో పరాయి జట్లు ఆడుతున్న ఆటను గూర్చి తెలిసికొనడానికే ఆ నడక అంతా అనీ వ్రాసినారు. లేఖ చివర ఒక ప్రశ్న ఉన్నది: “ఆ దినమున నేను ఇద్దరిలో ఎవరూ గెలువకూడదని కోరుకొన్నాను. ఇతరులకు మేలు కలుగరాదని కోరి ముందుకు పోవడము క్రీడాధర్మమేనా?”

ప్రశ్న చిన్నదే గాని తేలికది కాదు. దానికి సమాధానము చెప్పాలంటే ముందు ఆ యేటి లెక్క చూడవలె.

2022–23 రంజీ పోటీలలో ఎలీట్ విభాగమున ఎనిమిదేసి జట్ల గుంపులు నాలుగు. ప్రతి జట్టుకూ ఏడు ఆటలు. ఒక్కొక్క గుంపు నుండి మొదటి రెండు జట్లే క్వార్టర్ ఫైనలుకు పోతాయి. ఆంధ్ర ఉన్న గుంపులో ముంబయి, మహారాష్ట్ర, సౌరాష్ట్ర, తమిళనాడు, ఢిల్లీ, అస్సాం, మన హైదరాబాదు ఉన్నాయి. పూర్తిగా గెలిస్తే ఆరు పాయింట్లు. ఇన్నింగ్స్ తేడాతోనో పది వికెట్లతోనో గెలిస్తే మరొకటి. ఆట తేలకుండా పోతే మొదటి ఇన్నింగ్స్‌లో ఆధిక్యము ఉన్నవారికి మూడు, లేనివారికి ఒకటి. ఈ చిన్న పట్టికను గుర్తుంచుకొంటే చాలు, కథ అంతా దీనిలోనే ఉన్నది.

ఆంధ్ర ఆరంభము బాగులేదు. మొదటి ఆటలోనే, విజయనగరములో, ముంబయి చేతిలో ఓడినది. తరువాతి వారము కోయంబత్తూరులో తమిళనాడుతో ఆట. చివరి ఇన్నింగ్స్‌లో తమిళనాడుకు కావలసినవి 203 పరుగులు. సొంత ఊరి మైదానము, చేతిలో వికెట్లు. అయినా వారు 194 దగ్గర ఆగిపోయినారు. ఆంధ్ర గెలిచినది ఎనిమిది పరుగుల తేడాతో. ఆ సాయంకాలము మూటగట్టుకొన్న ఆరు పాయింట్ల విలువ ఎంతటిదో అప్పుడు ఎవరికీ తెలియదు. డిసెంబరులో వచ్చిన పాయింటు కూడా జనవరిలో వచ్చిన పాయింటుతో సమానమే. అభిమానులము మనము మాత్రము ఆఖరి వారములో లెక్క పెట్టడము మొదలుపెడతాము.

తరువాత హైదరాబాదును ఓడించినది. ఢిల్లీలో ఆట తేలక, ఆధిక్యము వారికి పోయి, మనకు ఒక్క పాయింటే దక్కినది. రాజకోటలో సౌరాష్ట్రను 150 పరుగులతో ఓడించినది. ఆ యేటి ట్రోఫీ చివరకు ఆ సౌరాష్ట్రకే దక్కినదని చెబితే ఈ గెలుపు ఎంతటిదో తెలుస్తుంది.

ఇక మిగిలినది అస్సాంతో చివరి ఆట. గెలిస్తే చాలదు, ఇన్నింగ్స్ తేడాతో గెలువవలె. ఆంధ్ర 361 చేసినది. అస్సాం మొదట 113, మళ్ళీ ఆడి 153. రెండూ కలిపినా 266. తేడా ఇన్నింగ్స్ మీద 95 పరుగులు, పాయింట్లు ఏడు. ఆంధ్రజట్టు తన చేతిలో ఉన్నదంతా చేసివేసినది. చేతిలో లేనిది బొంబాయిలోని బ్రేబోర్న్ మైదానములో ఉన్నది.

అక్కడ ముంబయికీ మహారాష్ట్రకూ ఆట. మహారాష్ట్ర మొదటి ఇన్నింగ్స్‌లో 384 పరుగులు చేసినది. ముంబయి బదులు చెబుతూ సరిగా 384 దగ్గరకు వచ్చినది. ఇంకొక్క పరుగు తీస్తే ఆధిక్యము ముంబయిది. తీయకముందే చివరి వికెట్టు పడినది. 384కు 384! నాలుగు దినముల ఆటలో మొదటి ఇన్నింగ్స్ సమమగుట ఎంత అరుదో ఆట చూచేవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆధిక్యము ఎవరికీ లేదు గనుక ఆ మూడు పాయింట్లూ ఎవరికీ లేవు. గెలుపు ఒక్కటే దారి. ఆఖరి పూట ముంబయి 253 పరుగుల కొరకు పరుగుపెట్టి, ఆరు వికెట్లకు 195 చేసేసరికి పొద్దు పోయినది. ఇద్దరూ ఇంటికి పోయినారు. సౌరాష్ట్రతో కూడ ఆంధ్ర ముందుకు పోయినది.

టైడా మిత్రుడు అడిగినది దీనిని గూర్చియే. నేను చెప్పేది ఇది: ఆ ఒక్క పరుగు మనకు దానముగా వచ్చినది నిజమే. కాని దానము పుచ్చుకొనడానికి గుమ్మము దాకా నడిచి రావలె గదా. కోయంబత్తూరులో ఎనిమిది పరుగులు అటుపోయి ఉంటే బ్రేబోర్నులో ఏమి జరిగినా మనకు ఒకటే. ఆశించుటలో పాపము లేదు. ఆశించి ఊరకుండుటలో ఉన్నది.

మరి ఊరకున్నవారి సంగతి ఏమి అని అడుగుతారేమో. ఆ లేఖలోనే ఆయన 2019 ఐ.పి.ఎల్. పోటీలను తలచుకొన్నారు. ఆ యేడు సన్‌రైజర్స్ హైదరాబాదు జట్టు పదునాలుగు ఆటలలో ఆరు మాత్రమే గెలిచి, పన్నెండు పాయింట్లతో నాలుగవ స్థానము పొందినది. చివరి ఆట మే 4న బెంగుళూరు చేతిలో ఓడినది. మరునాడు ముంబయి కలకత్తాను ఓడించుట వలన బ్రతికినది. కలకత్తాకూ పంజాబుకూ కూడ పన్నెండేసి పాయింట్లే. అటువంటప్పుడు ఓవరుకు తాము చేసిన పరుగుల సగటు నుండి ఇచ్చిన పరుగుల సగటును తీసివేసి చూస్తారు. హైదరాబాదుకు 0.577 మిగులు, కలకత్తాకు 0.028, పంజాబుకు 0.251 లోటు. ఆ మిగులు ఎక్కడిది? మార్చి 31న ఇదే బెంగుళూరును 118 పరుగులతో చిత్తుచేసినప్పుడు పోగుపడినదే అందులో పెద్ద పాలు. అనగా మే నెలలో తిన్న అన్నము మార్చిలో వండినది. ఆ బలముతో మే 8న మన విశాఖపట్టణములోనే ఢిల్లీతో ఆడి, ఒక్క బంతి మిగిలి ఉండగా రెండు వికెట్లతో ఓడిపోయినారు. టైడా మిత్రుడు ఆ రాత్రి స్టేడియములో ఉన్నారట. ఆయనకు ఆ జట్టు మీద ఇప్పటికీ కోపమే. నాకు అంత కోపము లేదు గాని, చివరి ఆట ఓడి పక్కవాడి చేతి వంక చూచిన ఆ జట్టునూ, చివరి ఆటను ఇన్నింగ్స్ తేడాతో గెలిచి నిలబడిన ఆంధ్రజట్టునూ ఒకే త్రాసులో తూచలేను.

ఈ తంటా మనకే కాదు. అమెరికాలో బేస్‌బాల్ జట్లు ఒక్కొక్కటి యేటికి 162 ఆటలు ఆడతాయి. 2011లో సెయింట్ లూయిస్ జట్టు ఆగస్టు చివరి వారములో తన పోటీదారుకన్న పదిన్నర ఆటలు వెనుకబడి ఉన్నది. సెప్టెంబరు 28, ఆఖరి దినమున, తాను గెలిచినది. పోటీదారు అట్లాంటా పదమూడు ఇన్నింగ్స్ పోరాడి ఓడినది. ఆ సెయింట్ లూయిసే ఆ యేడు చాంపియను అయినది. అక్కడ కూడ ఎవరో ఒకరు ఆ రాత్రి పరాయి ఆట కొరకే మేలుకొని ఉంటారు.

ఆంధ్రకు అటువంటి ముగింపు రాలేదు. క్వార్టర్ ఫైనలు ఇందూరులో, అంతకుముందటి యేటి విజేత మధ్యప్రదేశ్‌తో. కెప్టెను హనుమ విహారి పదహారు పరుగుల మీద ఉండగా ఆవేశ్ ఖాన్ వేసిన బంతి తగిలి ఎడమ మణికట్టు విరిగినది. రికీ భుయి 149, కరణ్ షిండే 110 చేసినారు. తొమ్మిది వికెట్లు పడిన తరువాత, కట్టు కట్టిన చేతితో విహారి తిరిగి వచ్చినారు. ఆయన కుడిచేతి వాటము ఆటగాడు. ఎప్పటివలె నిలబడితే విరిగిన చెయ్యే బంతికి ఎదురుగా ఉంటుంది. అందువలన అటు తిరిగి, ఎడమచేతి ఆటగానివలె నిలిచి, ఒంటిచేత్తో ఆడినారు. జట్టు 379కి చేరినది. మధ్యప్రదేశ్ 228కే ముగియడముతో 151 పరుగుల ఆధిక్యము చేతికి వచ్చినది.

ఆ ఆధిక్యమును నిలుపుకొనలేకపోయినాము. రెండవసారి 93 పరుగులకే అందరూ అవుటు. అందులోనూ విహారి ఒంటిచేత్తో మళ్ళీ వచ్చి పదహారు బంతులలో పదిహేను పరుగులు తీసినారు. మధ్యప్రదేశ్‌కు 245 కావలసి వచ్చినది. అయిదు వికెట్లు పోగొట్టుకొని చేసినారు.

అది ఫిబ్రవరి 3వ తేదీ. ఆ నాడు మాత్రము తాను స్టేషను వైపు పోలేదనీ, ఓటమి వార్తను సాయంకాలము బస్సు దిగినవారే తెచ్చినారనీ టైడా మిత్రుడు వ్రాసినారు.