ఈత కొలను అందరిదీ: ఒక పారాలింపియన్ నేర్పే పాఠం

గోదావరి కాలువల్లో, రాయలసీమ దిగుడుబావుల్లో, తెలంగాణ చెరువుల్లో ఈత నేర్చిన పెద్దలు ఈ సభలో చాలామందే ఉంటారు. వీపుకు బెండ్లో, ఎండిన సొరకాయ బుర్రలో కట్టి, మేనమామో పెదనాన్నో నీటిలోకి దింపితే, కొన్నాళ్ళకే ఈత పట్టుబడేది. ఆ తరం వారి పిల్లలు, మనుమలు నేడు మహదేవపుర పరిధిలోని వైట్‌ఫీల్డ్, హూడి, మారతహళ్ళి ప్రాంతాల్లో అపార్ట్‌మెంటు కొలనుల్లో ఈదుతున్నారు. కన్నడిగులు ‘ఈజు’ అన్నా, తెలుగువారు ‘ఈత’ అన్నా విద్య ఒక్కటే.

అయితే ఆ కొలను గట్టు మీదనే కూర్చుండిపోయే పిల్లలు కొందరు ఉంటారు. ఒక చేయి పూర్తిగా ఎదగని బాలుడు, కాళ్ళలో బలం చాలని బాలిక, చూపు మందగించిన బిడ్డ. “వీడికి ఈత ఎందుకులే” అనే మాట వారిని గట్టు దాటనివ్వదు. ఆ మాటలో ప్రేమ ఉండవచ్చు, భయమూ ఉండవచ్చు. కాని అది ఎంత నష్టం చేయగలదో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. ఇదే బెంగళూరులో ఎదిగిన శరత్ గాయక్వాడ్ జీవితాన్ని చూస్తే చాలు.

1991లో జన్మించిన శరత్‌కు పుట్టుకతోనే ఎడమ చేయి పూర్తిగా రూపుదిద్దుకోలేదు. ఆయన చదివిన లిటిల్ ఫ్లవర్ పబ్లిక్ స్కూలులో ఈత విద్యార్థులందరికీ తప్పనిసరి. తల్లిదండ్రులు మొదట సందేహించినా, తొమ్మిదేళ్ళ వయసులో ఆ బాలుడు నీటిలో దిగాడు. తరువాత జాన్ క్రిస్టోఫర్ శిక్షణలో పోటీ ఈతగాడయ్యాడు. 2012 లండన్ పారాలింపిక్స్‌లో భారతదేశం తరఫున ఈదాడు. 2014లో దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో జరిగిన ఆసియా పారా క్రీడల్లో 1 స్వర్ణం, 1 రజతం, 4 కాంస్యాలు, మొత్తం 6 పతకాలు గెలిచాడు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో పి.టి. ఉష సాధించిన 5 పతకాల సంఖ్యను ఆ విధంగా దాటాడు. 2015లో అర్జున పురస్కారం లభించింది. పోటీల నుంచి విరమించిన తరువాత ఆయన శిక్షకుని బాట పట్టారు.

ఈ కథలో పతకాలకన్నా ముందుగా గమనించవలసినది ఆ పాఠశాల నియమం. అందరికీ అంటే అందరికీ. దయతలచి ఆ ఒక్క పిల్లవానికి మినహాయింపు ఇచ్చి ఉంటే, దేశానికి ఒక ఈతగాడు దక్కేవాడు కాడు. సదుద్దేశంతో ఇచ్చిన మినహాయింపు కూడా ఒక్కొక్కప్పుడు తలుపు మూస్తుంది.

ఇక రెండవ ప్రశ్న. అటువంటి ఈతగాడు శిక్షకుడైతే పిల్లలకు ప్రత్యేకంగా దక్కేది ఏమిటి? స్ఫూర్తి అని వెంటనే సమాధానం వస్తుంది. కాని స్ఫూర్తి రెండు రోజులు ఉంటుంది, మెళకువ జీవితాంతం నిలుస్తుంది. అతని వద్ద దొరికే అసలు సొమ్ము మెళకువే.

నీరు గాలికన్నా సుమారు 800 రెట్లు సాంద్రమైనది. ఈదేవాని వేగం రెట్టింపైతే నీటి నిరోధం దాదాపు నాలుగింతలవుతుంది. అందువల్ల బలం ప్రయోగించడం కన్నా, అడ్డు తగ్గించుకోవడం ముఖ్యం. ఊపిరి కోసం తల పైకెత్తిన పిల్లవాని నడుము, కాళ్ళు కిందికి దిగుతాయి. అప్పుడు శరీరం నీటిని చీల్చదు, గోడలా నీటికి ఎదురు నిలుస్తుంది. రెండు బలమైన చేతులున్న పిల్లవాడు ఈ లోపాన్ని చేతి బలంతో కప్పిపుచ్చుకోగలడు. కొంత దూరం పోతాడు, ఆపై అలసిపోతాడు, కారణం మాత్రం తెలియదు.

రెండు చేతులూ సమానంగా లేని ఈతగానికి ఆ వెసులుబాటు లేదు. ఒకవైపు తోపు ఎక్కువై శరీరం పక్కకు మళ్ళజూస్తుంది. తలను నిలకడగా ఉంచడం, మొండెం తిప్పవలసిన క్షణాన్ని గుర్తించడం, కాళ్ళ ఆటతో దిశను సరిచేయడం అతనికి మొదటి రోజు నుంచే అవసరమవుతాయి. పుస్తకంలోని బొమ్మ అతని శరీరానికి సరిపోదు. అందుచేత ఆ బొమ్మ వెనుక ఉన్న కారణాన్ని వెతుక్కోక తప్పదు. కారణం తెలిసినవాడే ఏ శరీరానికైనా నేర్పగలడు.

శిక్షకులు సాధారణంగా చేయించే రెండు అభ్యాసాలు ఈ సంగతిని చక్కగా తెలుపుతాయి. మొదటిది పిడికిలి ఈత. పిల్లలు అరచేతులు మూసి కొలను ఒక పొడవు ఈదుతారు. అరచేయి లేనప్పుడు మోచేతి నుంచి మణికట్టు దాకా ఉన్న భాగం నీటిని ఎలా పట్టుకుంటుందో అప్పుడు తెలుస్తుంది. రెండవది ఒంటిచేతి ఈత. ఒక చేయి ముందుకు చాచి ఉంచి, రెండవ చేతితోనే బారలు వేయాలి. శరీరం ఎటు ఒరుగుతున్నదో, ఊపిరి ఎప్పుడు తీయాలో అందులో తేటతెల్లమవుతుంది. తక్కినవారికి ఇవి పది నిమిషాల కసరత్తులు. శరత్ వంటివారికి ఇంచుమించు అదే నిత్యజీవితం. కనుక పిల్లవాడు ఎక్కడ తడబడతాడో వారికి లోపలి నుంచి తెలుసు.

మనోబలం సంగతి కూడా ఇటువంటిదే. పారా ఈతలో పోటీదారులను శరీర సామర్థ్యాన్ని బట్టి తరగతులుగా విభజిస్తారు. ఎస్1 నుంచి ఎస్10 దాకా శారీరక పరిమితులున్నవారికి, ఎస్11 నుంచి ఎస్13 దాకా చూపు లోపం ఉన్నవారికి, ఎస్14 బుద్ధిపరమైన పరిమితి ఉన్నవారికి. శారీరక తరగతుల్లో అంకె తగ్గేకొద్దీ పరిమితి ఎక్కువ. కృత్రిమ అవయవాలతో నీటిలో దిగరాదు. చూపు లేని ఈతగాడు గోడను సమీపించినప్పుడు, గట్టు మీది సహాయకుడు మెత్తని మొన గల కర్రతో తట్టి హెచ్చరిస్తాడు. ఆ తట్టు అందుకున్నంత మాత్రాన ఎవరి పతకమూ చిన్నబోదు. సహాయం అడగడం చిన్నతనం కాదనీ, పోలిక న్యాయంగా ఉండాలనీ పిల్లలు అక్కడ నేర్చుకుంటారు. పక్క అపార్ట్‌మెంటు పిల్లవాని సమయంతో కాక, తన నిన్నటి సమయంతో పోల్చుకునే అలవాటు అక్కడ పుడుతుంది.

సికిందరాబాదుతో సంబంధం ఉన్న మరొక పేరు ఇక్కడ తలచుకోదగినది. మురళీకాంత్ పేట్కర్ సైన్యంలోని ఈ.ఎం.ఈ. విభాగానికి చెందిన జవాను, సికిందరాబాదులో బాక్సర్. 1965 యుద్ధంలో తూటాలు తగిలి తీవ్రంగా గాయపడ్డారు. బాక్సింగ్ బరి మూసుకుపోయిన తరువాత నీటిని ఎంచుకున్నారు. 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 37.33 సెకన్లలో ఈది, ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచారు. పద్మశ్రీ మాత్రం 2018లో వచ్చింది. 46 ఏళ్ళ ఆ ఆలస్యం ఆయన లోపం కాదు, చూసేవారి చూపులోని లోపం. “ఇది చేయలేను” అనే చోట ఆగక, “మరి ఏ విధంగా చేయగలను” అని అడగడమే ఇటువంటి ఈతగాళ్ళ మనోబలం. శిక్షకుడు పిల్లలకు అందించవలసినదీ ఆ ప్రశ్ననే.

జాలి చూపడం ఎంత దూరం పెడుతుందో, అతిగా పొగడడమూ అంతే దూరం పెడుతుంది. చేయి లేకున్నా ఈదాడని చప్పట్లు కొట్టి ఊరుకుంటే, అతని విద్యను గౌరవించినట్లు కాదు. అతని వద్ద పిల్లలను చేర్పించి, అతడు చెప్పిన తప్పును దిద్దుకుంటేనే అది గౌరవం.

ఇందులో పౌరుల వంతు ఏమిటి? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. క్రీడల్లో పాల్గొనడానికి వీలుగా వసతులను మార్చడం గురించి కూడా అది చెబుతుంది. చట్టం ఉన్నా, కొలనులోకి దిగే మెట్ల దగ్గర నిర్ణయం తీసుకునేది నివాసుల సంఘమే. పట్టుకోవడానికి గట్టి కమ్మీ, జారని నేల, చక్రాల కుర్చీ వచ్చే దారి, పెద్ద అంకెలతో లోతు గుర్తులు, గోలకు బెదిరే పిల్లల కోసం వారానికి ఒక ప్రశాంతమైన వేళ. వీటిలో చాలావాటికి పెద్ద ఖర్చు అక్కరలేదు. తదుపరి సర్వసభ్య సమావేశంలో ఒకరు అడిగితే చాలు.

జాగ్రత్తలూ మరువరాదు. ప్రాణరక్షకుడు లేని వేళ ఏ పిల్లవాడూ నీటిలో దిగరాదు. మూర్ఛ, గుండె సమస్యలు ఉన్నవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి. సొంత ఊరి చెరువు జ్ఞాపకంతో వర్తూరు, బెళ్ళందూరు చెరువుల వైపు ఈతకు పోరాదు. ఆ నీరు ఈతకు తగినది కాదు.

శిక్షకుని ఎంచుకునేటప్పుడు తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు అడగవచ్చు. తప్పు చూపినప్పుడు దాని కారణం కూడా చెబుతారా? ప్రతి పిల్లవాని పురోగతిని అతని పాత సమయంతో పోల్చి రాస్తారా? వైకల్యం ఉన్న బిడ్డ వస్తే చేర్చుకుంటారా? మూడవ ప్రశ్నను, అటువంటి బిడ్డ తమ ఇంట లేనివారు కూడా అడగాలి. అందరూ అడిగినప్పుడే అది నియమమవుతుంది.

ఈతకు మించిన లోతు లేదని తెలుగు సామెత. ఈత వచ్చినవానికి లోతు భయం లేదని దాని భావం. ఆ ఈత రావాలంటే మొదట నీటిలో చోటు దొరకాలి. మహదేవపురలోని కొలనుల్లో ఆ చోటు ఉన్నది. గట్టు మీద కూర్చున్న బిడ్డను ఈ వేసవిలో పేరుపెట్టి పిలవడమే మిగిలిన పని.