పెరట్లో తేనెటీగల గుంపు దిగితే

ఉగాది పచ్చడికి మనం వేపపువ్వు కోసుకునే వేళకే తేనెటీగలు దాని మీద వాలి ఉంటాయి. అందుకే మా పేట తేనెటీగల సంఘానికి మాఘమాసం నుంచీ తీరికుండదు. చట్రాలు ఒక్కొక్కటే పైకి తీసి, రాణి గుడ్లు పెడుతున్నదా లేదా చూస్తాం. నల్లబడ్డ పాత పట్టు తీసేస్తాం, మైనపు పురుగు చేరేది అందులోనే. చీమలెక్కకుండా పెట్టె కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు, వంటింటి అలమరకు పెట్టుకున్నట్టే! మా పెట్టెలు 1910 ప్రాంతంలో న్యూటన్ అనే ఫాదరీ మన పుట్టతేనెటీగ కోసమే రూపొందించిన రకం.

పూత ముమ్మరమైతే పెట్టెలో ఈగలు కిక్కిరిసిపోతాయి. అప్పుడు పాత రాణి చాలా ఈగల్ని వెంటబెట్టుకుని కొత్త ఇల్లు వెతుక్కుంటూ బయలుదేరుతుంది. దారిలో మీ జామకొమ్మకో, బాల్కనీ చువ్వకో ఆ గుంపు గుత్తిలా వేలాడవచ్చు. కాగడా వెలిగించకండమ్మా, దోమలమందు కొట్టకండి. కాపాడుకోవడానికి అక్కడ పట్టూ, పిల్లలూ ఉండవు గనుక, కదిలించకపోతే అవి సాధారణంగా కుట్టవు. చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో వాటంతటవే వెళ్ళిపోతాయి. ఎత్తున పెద్ద పట్టు కట్టే కొండ తేనెటీగల సంగతి వేరు, వాటి దరిదాపులకు పోకూడదు.

ఈ మాటే ఇంటింటికీ తిరిగి చెబుతున్నాం. అందరూ ముందు అడిగేది తేనె ధరే అనుకోండి! గుంపు దిగితే పిల్లల్ని లోపలికి పిలిచి, మీకు దగ్గరలో తేనెటీగలు పెంచేవాళ్ళకు కబురు పెట్టండి. ఖాళీ పెట్టె పట్టుకుని వాళ్ళే పరిగెత్తుకొస్తారు.