మందు మోతాదు – మన మాట



నేను వైద్యుడిని కాను, న్యాయవాదిని. అయితే ఆసుపత్రి వ్యవహారాలలో సలహా కోసం నా వద్దకు వచ్చేవారి కేస్ షీట్లలో నేను ముందుగా చూసేది రోగి బరువు రాయవలసిన గడిని. తరచుగా అది ఖాళీగా కనిపిస్తుంది. యాంటీబయోటిక్ మోతాదులో పొరపాట్లు మొదలయ్యే చోట్లలో అది ఒకటి.

పసిపిల్లలకు ఈ మందులను కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కగట్టి రాయాలి. 12 కిలోల బిడ్డను 20 కిలోలుగా ఊహించి రాస్తే, మోతాదు ఇవ్వవలసినదానికి ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. అమాక్సిసిలిన్ సిరప్పులో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 ఉండేది మరొకటి. చీటీలో ఆ అంకె లేకుండా ‘ఒక చెంచా’ అని మాత్రమే ఉంటే, బిడ్డకు చేరేది సరైన మోతాదో, సగమో, రెట్టింపో తెలియదు.

జెంటామైసిన్, అమికాసిన్ వంటి ఇంజెక్షన్లు మూత్రపిండాల ద్వారానే బయటికి పోతాయి. మూత్రపిండాలు మందగించిన వృద్ధునికి మామూలు మోతాదే ఇస్తే, మందు ఒంట్లో పేరుకుని వినికిడిని శాశ్వతంగా పోగొట్టవచ్చు. అందుకే ముందు రక్తంలో క్రియాటినిన్ చూడాలి. మోతాదు తగ్గినా క్షేమం కాదు. మందుకు లొంగని క్రిములు మిగిలి వృద్ధి చెందుతాయి.

ఇందులో భాష ప్రసక్తి ఏమిటని మీరు అడగవచ్చు. బరువును తూకం చెబుతుంది, క్రియాటినిన్‌ను రక్తపరీక్ష చెబుతుంది. కాని గతంలో పెన్సిలిన్ ఇచ్చినప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడలేదన్న సంగతిని నోటితోనే చెప్పాలి. సరిహద్దుకు ఇవతల చిన్న ఆసుపత్రిలో ఉదయం ఇచ్చిన ఇంజెక్షన్ సంగతి అవతలి పెద్ద ఆసుపత్రిలో చెప్పలేకపోతే, రాత్రికి అదే మందు మళ్ళీ రాసే ప్రమాదం ఉన్నది. రోగి తెలుగులో చెప్పింది కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ వైద్యునికి అందకపోతే, ఆయన ఎంత సమర్థుడైనా లెక్క తప్పుతుంది.

చట్టం మనకు కొంత అండగా ఉన్నది. రోగికి తెలిసిన భాషలో వివరించాలని 2018లో జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతున్నది. మందుల పేర్లను స్పష్టంగా, వీలైనంతవరకు పెద్ద అక్షరాలలో రాయాలని 2016లో వైద్యుల ప్రవర్తనా నియమాలను సవరించారు. చదవడానికి వీలుగా చీటీలు రాయించాలని 2024 జనవరిలో ఒరిస్సా హైకోర్టు ఆదేశించింది. కోరిన 72 గంటలలో వైద్య రికార్డులు ఇవ్వాలన్నది 2002 నాటి నియమం. రుసుము తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది.

అయితే కోర్టుకు రావడమంటే నష్టం జరిగిన తరువాత రావడమే. కనుక ప్రతి ఇంటా ఒక కాగితం సిద్ధంగా ఉంచండి. వయసు, బరువు, పడని మందులు, మూత్రపిండాల జబ్బు, వాడుతున్న మందులు, చివరి ఇంజెక్షన్ పేరు, ఇచ్చిన వేళ అందులో రాయండి. తెలుగులో ఒకసారి, ఆ రాష్ట్ర భాషలో ఒకసారి రాయాలి. అక్కడి బడిలో చదివే మన పిల్లలు ఆ రెండో పని చేయగలరు. చీటీ అందుకున్నప్పుడు, “అయ్యా, బరువు చూసి రాశారా?” అని వినయంగా అడగండి. ఆ ప్రశ్న వైద్యునికి అవమానం కాదు, మీ హక్కు.